విత్తన వడ్లలో కలిసిన గడ్డి గింజలను గుర్తుపట్టడం ఎలా

మీరు అడిగింది ఇదీ. సాగర్ ఎడమ కాలువ కింద, హాలియా పక్కన మీ పొలం. పోయిన వానాకాలం పండిన సాంబ మసూరిలోంచి నాలుగు సంచులు విత్తనానికి దాచుకున్నారు. ఈసారి నాటు వేయకుండా వెదజల్లాలని ఉంది. సంచి విప్పి చాటలో పోస్తే వడ్లు కాని గింజలు కనిపించాయి. నల్లగా మీసంతో కొన్ని, చిన్నగా నున్నగా మెరిసేవి ఎక్కువ, ఒంటి మీద గట్లు గట్లుగా ఉన్నవి అక్కడక్కడ. ఇవి ఏ గడ్డివి, ఈ విత్తనం చల్లొచ్చా అన్నది ప్రశ్న. నారాయణపేటలో మీ బావగారి కొర్రల్లోనూ ఇలాంటి కలగలుపే ఉందని రాశారు.

విత్తన శుద్ధి కేంద్రాల్లో, పరీక్ష బల్లల దగ్గర చాలా ఏళ్లు గింజలు చూసిన అనుభవంతో చెప్తున్నాను. మీ సంచిలో ఎక్కువగా ఉన్నది చిన్న మెరిసే గింజే అయినా, అసలు భయపడాల్సింది మీసం ఉన్న నల్ల గింజకే. అది కలుపు వరి, అంటే వరి మడిలో వరిలాగే పెరిగి పండగానే రాలిపోయే అడవి వరి, కాదని తేలేదాకా ఆ నాలుగు సంచుల్లో ఒక్క గింజ కూడా పొలంలో పడనివ్వకండి. మిగతావాటికి మందులున్నాయి, నీళ్లున్నాయి, కలుపు తీసే చేతులున్నాయి. కలుపు వరికి ఇవేవీ సరిగ్గా పనిచేయవు.

గింజలు చూసేటప్పుడు చాలామంది ముందు రంగు, తర్వాత సైజు చూస్తారు. ఈ రెండే ఎక్కువగా తప్పుదారి పట్టిస్తాయి. ఒకే కంకిలో పండిన గింజ ఒక రంగు, పచ్చిది ఒక రంగు. కోతప్పుడు వాన పడితే ఇంకో రంగు. మిషన్‌లో రాపిడి తిన్న గింజకు పైపొరలు ఊడిపోయి అది వేరే గింజలా కనిపిస్తుంది. రంగును పక్కన పెట్టి మూడు సంగతులు చూడండి. గింజ ఏ వైపు అణిగి ఉంది, లోపలి గట్టి పొట్టు నున్నగా ఉందా ముడతలుగా ఉందా, కంకి నుంచి తెగిన చోటు ఎట్లా ఉంది. ఈ మూడూ వానకు మారవు, మిషన్‌కూ పెద్దగా మారవు.

దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. గడియారాలు రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల అద్దం చాలు. ఒక సూది, ఒక బ్లేడు, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం పెట్టుకోండి. ముదురు గింజలు తెల్ల కాగితం మీద, లేత రంగువి నల్ల కాగితం మీద చూడాలి. వెలుతురు నెత్తి మీద నుంచి పడితే గట్లు, ముడతలు కనపడవు. పొద్దున ఎండ ఏటవాలుగా పడే కిటికీ దగ్గర కూర్చోండి, లేదా సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి వేయండి. మీరు పంపిన ఫొటోలు నడిమధ్యాహ్నం అరచేతిలో పెట్టి తీసినవి. అందుకే చాలా గింజలు వట్టి చుక్కల్లా ఉన్నాయి, వాటిని బట్టి నేను ఖాయంగా చెప్పలేను.

నమూనా తీసే తీరు కూడా ముఖ్యం. ట్రాక్టరు మీద వచ్చిన సంచిలో చిన్న గింజలు కుదుపులకు సందుల్లోంచి జారి అడుగుకు చేరతాయి. మూతి దగ్గర దోసెడు తీసి చూస్తే సంచి శుభ్రంగానే కనిపిస్తుంది. నాలుగు సంచుల్లోనూ పైన, నడుమ, అడుగున చెయ్యి పెట్టి తీయండి. అంతా గచ్చు మీద ఒక కుప్పగా కలిపి, సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తూ 400 గ్రాములు మిగిలేదాకా తగ్గించండి. విత్తన పరీక్షశాలలో వడ్లలో ఇతర గింజలు లెక్కపెట్టడానికి తీసుకునే నమూనా కూడా అంతే. దాన్ని పళ్లెంలో పలచగా పరిచి, వడ్లు కానిది ప్రతిదీ సూదితో పక్కకు లాగండి. వడ్లే కానీ తేడాగా ఉన్నదాన్ని ఇంకో కుప్పగా పెట్టండి. ఈ రెండో కుప్పను చాలామంది వదిలేస్తారు. కలుపు వరి దొరికేది అక్కడే.

ముందు మీ సొంత వడ్ల గింజను అద్దం కింద బాగా చూడండి. వడ్ల గింజ రెండు పక్కల నుంచి నొక్కినట్టు అణిగి ఉంటుంది. పెద్ద పొట్టు రేకు వీపు వైపు నుంచి చుట్టుకుని వస్తుంది, చిన్న రేకు దానిలోకి అంచులు దూర్చుకుని ఉంటుంది. రెండూ కలిసిన గీత గింజ పక్కల మీద నిలువుగా కనిపిస్తుంది. పొట్టు మీద సన్నటి బొడిపెలు వరసలుగా, గళ్లు గళ్లుగా ఉంటాయి. అడుగున, కాడ తెగిన చోటికి కాస్త పైన, రెండు చిన్న రేకులు అటొకటి ఇటొకటి అతుక్కుని ఉంటాయి. పొట్టు తీస్తే మొలక భాగం ఒక మూలకు ఏటవాలుగా, చిన్నగా ఉంటుంది. ఇంత కంటికి అలవాటైతే మిగతా గింజలు వాటంతటవే వేరుగా కనిపించడం మొదలవుతాయి.

ఇక చిన్నగా మెరిసేవి. సాగర్ ఆయకట్టులో వడ్ల సంచిలో ఇవి కనిపిస్తే నూటికి తొంభై పాళ్లు ఊద అనుకోవచ్చు. ఊరూరికీ పేరు మారుతుంది కాబట్టి శాస్త్రం పేర్లు కూడా చెప్తున్నాను. మన దగ్గర ముఖ్యంగా రెండు రకాలు, ఎకైనోక్లోవా కోలోనా, ఎకైనోక్లోవా క్రస్‌గల్లి. మొదటిదాన్ని చిన్న ఊద అని, రెండోదాన్ని పెద్ద ఊద అని పిలుచుకుందాం.

ఊద గింజ మీకు సంచిలో రెండు మూడు వేషాల్లో దొరుకుతుంది, అందుకే ఒకటే మొక్కను మూడు కలుపులని పొరపడతారు. మొదటి వేషంలో దాని పైపొరలు అన్నీ ఉంటాయి. అప్పుడు ఆకుపచ్చగానో, ఊదా రంగు కలిసిన గోధుమ రంగులోనో, ఒంటి నిండా పొట్టి వెంట్రుకలతో గరుగ్గా ఉంటుంది. బయట ఒక పొర పొట్టిగా, గింజలో సగం పొడవు కూడా లేకుండా ఉంటుంది. ఇంకో పొర గింజ పొడవునా కప్పుతుంది. పెద్ద ఊదలో ఈ పొరల నరాల మీద వెంట్రుకలు బిరుసుగా, మొదట్లో చిన్న బొడిపెతో ఉంటాయి. చాలాసార్లు పొడుగాటి మీసం కూడా ఉంటుంది. ఆ మీసం గట్టి గింజది కాదు, పైన కప్పిన గొడ్డు పూవు పొరది. మిషన్‌లో ఆ పొర రాలితే మీసమూ పోతుంది. అందుకే మీసం లేదని పెద్ద ఊద కాదనుకోకూడదు.

రెండో వేషంలో పైపొరలన్నీ ఊడి లోపలి గట్టి పొట్టు బయటపడుతుంది. మీరు చూసిన మెరుపు దీనిదే. గడ్డి రంగులోనో, బూడిద కలిసిన తెలుపులోనో, గాజులా నున్నగా ఉంటుంది. ఒక వైపు బల్లపరుపు, ఇంకో వైపు ఉబ్బు. సూదితో దొర్లిస్తే బల్లపరుపు వైపు మీదే ఆగుతుంది. వడ్ల గింజ పక్కల నుంచి అణిగితే ఇది ముందు వెనకల నుంచి అణిగి ఉంటుంది, మొదటి గుర్తు ఇదే. ఇప్పుడు కొనను అద్దం కింద పెట్టండి. చదునుగా ఉన్న చిన్న రేకు కొన పెద్ద రేకు పట్టులోంచి తప్పించుకుని కాస్త బయటికి వంగి కనిపిస్తుంది. పెద్ద రేకు కొస మాత్రం గట్టిగా ఉండదు, పలచటి పొరలా వాడిపోయినట్టు ఉంటుంది. ఈ కొన చూసిన తర్వాత ఊదను ఇంకో గింజతో పొరబడరు.

చిన్న ఊద గింజ 2 నుంచి 3 మిల్లీమీటర్లు, పెద్ద ఊద 3 నుంచి 4 దాకా వెళ్తుంది. సరిగ్గా 3 దగ్గర రెండూ కలిసిపోతాయి. అక్కడ కొలతను నమ్మొద్దు. కంకి ముక్క ఏదైనా సంచిలో దొరికితే దాన్ని చూడండి. చిన్న ఊద కంకిలో కొమ్మలు పొట్టిగా, గింజలు నాలుగు వరసల్లో పేర్చినట్టు ఉంటాయి. పెద్ద ఊదలో కొమ్మలు పొడుగు, గింజలు చిందరవందరగా గుంపులు కట్టి ఉంటాయి. ఏ ఊద అన్నది తేలకపోయినా నష్టం లేదు. మీరు చేయాల్సిన పని రెండింటికీ ఒకటే.

మూడో వేషం గట్టి పొట్టు కూడా పోయిన ఒట్టి గింజ. దీన్ని నూకతో పొరబడతారు. నాలుగు నీటి చుక్కల్లో కాసేపు ఉంచి చూడండి. ఊద గింజలో మొలక భాగం గింజ పొడవులో మూడు వంతులకు పైగా ఆక్రమించి ఉంటుంది, రెండో వైపు అడుగున చుక్కలాంటి మచ్చ ఉంటుంది. వడ్లలో మొలక చిన్నది, మచ్చ చుక్కలా కాక గింజ పొడవునా సన్న గీతలా సాగుతుంది. విరిగిన ముక్కలోనైనా ఈ గీత కనిపిస్తే అది బియ్యమే.

ఇప్పుడు మీసం ఉన్న నల్లవాటి సంగతి. ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే నల్లగా ఉన్న ప్రతి వడ్ల గింజా కలుపు వరి కాదు. గింజ మచ్చ తెగులు తగిలిన సాంబ మసూరి కూడా నల్లబడుతుంది. ఆ నలుపు మచ్చలు మచ్చలుగా, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువగా ఉంటుంది. కలుపు వరి నలుపు గానీ, ముదురు గోధుమ గానీ పొట్టు అంతా సమానంగా పరుచుకుని ఉంటుంది. ఇంకో చిక్కేమిటంటే, పొట్టు మామూలు వడ్ల రంగులోనే ఉన్న కలుపు వరి కూడా ఉంది. అది మీరు ఏరిన నల్ల గింజల్లో ఉండదు, మంచి వడ్ల మధ్యే దాక్కుంటుంది. కాబట్టి రంగుతో మొదలుపెట్టినా రంగు దగ్గరే ఆగకూడదు.

మీసం మంచి ఆనవాలు, ఎందుకంటే సాంబ మసూరికి మీసం ఉండదు. కలుపు వరి మీసాన్ని కొన నుంచి కిందికి వేళ్లతో దువ్వితే గరుగ్గా పట్టుకుంటుంది, కింది నుంచి పైకి దువ్వితే జారుతుంది. మీసం మీద పైకి చూస్తున్న సన్నటి ముళ్లు ఉండటం వల్ల అట్లా. మిషన్ కొట్టినప్పుడు మీసం విరిగి మోడు మిగిలితే అద్దంలో ఆ మోడు కనిపిస్తుంది.

అన్నింటికంటే నేను నమ్మేది తెగిన చోటునే. గింజను అడుగు భాగం పైకి ఉండేటట్టు మైనం మీదనో తడి మట్టి మీదనో నిలబెట్టి, పక్క వెలుతురులో చూడండి. మనం సాగు చేసే వరి తనంతట తాను రాలదు. కొట్టి, దులిపి, బలవంతంగా విడదీస్తాం. అందుకే తెగిన చోట పీచు పీచుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, చాలాసార్లు చిన్న కాడ ముక్క కూడా అంటుకుని ఉంటుంది. కలుపు వరి పండగానే తానే విడిపోతుంది. అందుకని దాని అడుగున నున్నటి గుండ్రటి గుంట ఉంటుంది, చిరిగిన జాడ ఉండదు. ఒక్క గింజ చూసి తీర్పు చెప్పకండి. మీ సాంబ మసూరివే ఇరవై గింజలు పక్కన పెట్టుకుని పోల్చండి. అప్పుడు తేడా ఇట్టే దొరుకుతుంది.

చివరగా పొట్టు తీయండి. చాలా కలుపు వరిలో లోపలి బియ్యం ఎరుపు. తెగులు వల్ల నల్లబడిన గింజలో బియ్యం తెల్లగానో, అక్కడక్కడ గోధుమ మరకలతోనో ఉంటుంది కానీ ఒంటినిండా ఎరుపు ఉండదు. ఎర్ర బియ్యం, నున్నటి గుంట, మీసం మూడూ ఒకే గింజలో కలిస్తే ఇక అనుమానం పెట్టుకోవద్దు. ఎరుపు ఉండి, తెగిన చోటు పీచుగా ఉంటే అది ఎక్కడో కల్లంలో కలిసిన ఎర్ర బియ్యం రకం కావచ్చు. అది కేళీ, అంటే వేరే రకం వడ్లు కలవడం మాత్రమే, కలుపు వరి అంత ముప్పు కాదు.

కలుపు వరి గురించి ఇంకో మాట తప్పక తెలుసుకోవాలి. అది కోతకు ముందే సగానికి పైగా రాలిపోయే గుణం ఉన్నది. సంచిలోకి వచ్చింది రాలకుండా మిగిలిన కొద్ది గింజలే. సంచిలో రెండు కనిపిస్తే పొలంలో ఎన్ని పడి ఉంటాయో ఆలోచించండి. ఆ గింజలు ఏ మడి నుంచి వచ్చాయో గుర్తు చేసుకుని, ఆ మడిని వేరుగా చూసుకోవాల్సి ఉంటుంది. ఊదకూ ఈ గుణం కొంత ఉంది.

గట్లు గట్లుగా ఉన్నవి మీ ఫొటోలో ఒకటి మాత్రం కాస్త స్పష్టంగా ఉంది. అది ఇస్కీమమ్ రుగోసమ్ అనిపిస్తోంది. వరి మడుల్లో, కాలువ గెట్ల మీద పెరిగే గడ్డి. గింజ 4 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి పొట్టి వడ్లతో పాటు జల్లెడ మీద నిలబడిపోతుంది. దీని బయటి గట్టి పొర మీద, కింది సగంలో, అడ్డంగా నాలుగైదు లావుపాటి గట్లు ఉంటాయి. గోరుతో గీకితే తగులుతాయి. ఇంత ఎత్తు గట్లు మన వరి పొలాల్లో వేరే ఏ గడ్డి గింజ మీదా చూడలేదు. పక్కనే మందపాటి కాడ ముక్క అంటుకుని ఉంటుంది. మీసం ఉంటే మెలి తిరిగి, మధ్యలో మోకాలు వంగినట్టు వంగి ఉంటుంది. కలుపు వరి మీసం ఇట్లా మెలి తిరగదు. కాబట్టి మీసం ఒక్కటే చూసి రెండింటినీ కలిపేయకండి.

కాలువ గట్ల మీద ఇంకొకటి ఉంటుంది, లీర్సియా హెక్సాండ్రా. వరికి చుట్టమే. గింజ వడ్లలాగే పక్కల నుంచి అణిగి, సుమారు సగం సైజులో ఉంటుంది. అడుగున ఆ రెండు చిన్న రేకులు దీనికి ఉండవు. అది ఎక్కువగా వేరు దుంపలతో పాకుతుంది కాబట్టి సంచిలో అరుదుగానే కనిపిస్తుంది.

మిల్లీమీటరుకు లోపు ఉండి దుమ్ములా కనిపించే గడ్డి గింజలు లెప్టోక్లోవా చైనెన్సిస్ కావచ్చు. వెదజల్లిన పొలాల్లో ఈ గడ్డి బాగా లేస్తుంది, కానీ గింజ ఎంత చిన్నదంటే ఏ జల్లెడైనా దాన్ని కిందికి వదిలేస్తుంది. మూడు పలకలుగా ఉండి, పొట్టు రేకులేవీ లేకుండా ఒంటిగా ఉన్న గోధుమ నల్ల గింజలు దొరికితే అవి గడ్డివి కావు, తుంగ జాతివి. సైపరస్ ఇరియా గింజ ముదురు రంగులో 1 మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటుంది. మూడు పలకలు చూడగానే దాన్ని గడ్డి కుప్పలోంచి తీసేయండి.

మీ బావగారి కొర్రల సంగతి వేరే పాఠం. కొర్రలో కలిసేది ఎక్కువగా దాని దాయాదులే. అడవి కొర్ర జాతులైన సెటేరియా విరిడిస్, సెటేరియా పుమిలా, సెటేరియా వెర్టిసిలాటా. సాగు కొర్రలో నూర్చినప్పుడు గట్టి గింజ ఒక్కటే ఊడి వస్తుంది, బయటి పొరలు కంకి మీదే మిగులుతాయి. గింజ నున్నగా మెరుస్తుంది. అడవి జాతుల్లో పొరలతో సహా మొత్తం రాలుతుంది. కాబట్టి కొర్ర సంచిలో పొరలు కప్పుకున్న గింజ కనిపిస్తే అక్కడే ఆగి చూడాలి. పొరలు తీసేశాక పుమిలా గింజ మీద అడ్డంగా ముడతలు ముడతలుగా కనిపిస్తుంది, పొర సగమే కప్పుతుంది కాబట్టి ఆ ముడతలు పొరతో ఉన్నప్పుడే బయటికి తెలుస్తాయి. విరిడిస్‌లో ముడతలు సన్నవి, అద్దం కావాలి. బట్టలకు అంటుకునే కంకి వెర్టిసిలాటాది. దాని ముళ్ల మీద నూగు కిందికి తిరిగి ఉండటమే అంటుకోవడానికి కారణం.

అండుకొర్ర గింజ మీద కూడా అడ్డం ముడతలుంటాయి. తినే పంటే అయినా కొర్ర విత్తనంలో అది పరాయి గింజే. అయితే అండుకొర్ర పంట పక్క చేన్లో ఉందా అని మీ బావగారిని అడగండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. పలచగా, రెండు కొనలు సన్నబడి, అంచులు పలచటి పొరలా ఉన్న 3 మిల్లీమీటర్ల గింజలు డిజిటేరియావి. ఇవి తూర్పార పట్టినప్పుడే చాలావరకు పోతాయి.

రాగులు వేసే ఇళ్లలో అడిగే ఇంకో ప్రశ్న తిప్పరాగి. దాని గింజ రాగిలా గుండ్రంగా ఉండదు, కోణాలుగా ఉంటుంది, ముదురు ఎరుపు కలిసిన నలుపు, ఒంటి మీద ఏటవాలు గీతలు. తడిపి వేళ్ల మధ్య నలిపితే నానిన పల్లి గింజ పొట్టులా పైపొర జారిపోతుంది. గడ్డి జాతుల్లో సాధారణంగా పైపొర గింజకు అంటుకుని ఉంటుంది, ఇట్లా వదులుగా ఉండేవి తక్కువ. అదే వదులు పొర డాక్టిలాక్టీనియం ఈజిప్టియమ్‌లోనూ ఉంటుంది. కాకపోతే దాని గింజ ఎర్రటి గోధుమ రంగులో, అడ్డం ముడతలతో ఉంటుంది.

అలంపురం, గద్వాల వైపు నల్లరేగళ్లలో జొన్న విత్తనం కట్టేవాళ్లు జొన్న జాతి కలుపైన జాన్సన్ గడ్డిని గుర్తుపట్టగలగాలి. విత్తన జొన్నకు, ఈ గడ్డికి మధ్య 400 మీటర్ల దూరం ఉండాలని నియమమే ఉంది, ఎందుకంటే రెండూ సంకరమవుతాయి. దాని గింజ పొర మెరుస్తూ ఎర్రటి గోధుమ నుంచి నలుపు దాకా ఉంటుంది. పక్కన అంటుకున్న చిన్న కాడల కొస చూడండి, గిన్నెలా విచ్చుకుని శుభ్రంగా ఉంటుంది. పశువుల మేతకు వేసే సూడాన్ గడ్డిలో అదే కొస విరిగి చీలికలుగా ఉంటుంది. ఇక్కడా చెప్పేది తెగిన చోటే.

ఇక మీ వడ్ల దగ్గరికి వస్తే, ఎన్ని ఉంటే ఫరవాలేదు అన్నది లెక్క. భారత కనీస విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం ధ్రువీకరించిన వరి విత్తనంలో మొత్తం కలుపు గింజలు కిలోకు 20 మించకూడదు, దాన్ని పండించడానికి వాడే మూల విత్తనంలో 10 మించకూడదు. అడవి వరి, అంటే కలుపు వరి, విడిగా హానికర కలుపు కింద పెట్టారు. దానికి హద్దు ధ్రువీకరించిన విత్తనంలో కిలోకు 5, మూల విత్తనంలో 2. మీ 400 గ్రాముల నమూనాకు మార్చుకుంటే మొత్తం కలుపు 8, కలుపు వరి 2. సాంబ మసూరి వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములే తూగుతాయి, కిలోలో అరవై వేలకు పైగా గింజలన్న మాట. వాటిలో 5 అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ ఎకరానికి 25 కిలోలు వాడే రైతు మడిలో అది 125 మొక్కలు. ఒక్కో మొక్క పిలకలు వేసి, ఒక్కో కంకి రాలిపోయాక ఏమవుతుందో మీరే లెక్క వేయండి. అందుకే సొంత విత్తనానికి నా హద్దు వేరు. 400 గ్రాముల్లో ఒక్క కలుపు వరి గింజ ఖాయంగా తేలినా ఆ నాలుగు సంచులూ విత్తనానికి పనికిరావు, మిల్లుకు పంపండి. ఇందులో మొహమాటం వద్దు. సాంబ మసూరి లాంటి మామూలు వరిలో వాడే మందులు కలుపు వరిని విడిగా చంపలేవు, రెండూ దాదాపు ఒకే జాతి. వెదజల్లిన పొలంలో వరసలు ఉండవు కాబట్టి, లేత దశలో ఏది మనం చల్లింది ఏది దొంగది అని కంటికీ తెలియదు. కలుపు వరి గింజలు వచ్చిన మడిలో ఈ ఒక్క కారు నాటే వేయండి. పూత దశలో తిరిగి, ఎత్తుగా, మీసాలతో కనిపించిన దుబ్బులను గింజ రాలకముందే పీకి గెట్టు దాటించండి.

నల్లవి తెగులు గింజలని తేలి, ఉన్నది ఊద, ఇస్కీమమ్ మాత్రమే అయితే శుభ్రం చేసుకుని వాడొచ్చు. కోడిగుడ్డు తేలేటంత ఉప్పు కలిపిన నీళ్లలో వేస్తే పొల్లు, సగం నిండిన గింజలు, పొరలు కప్పుకున్న తేలిక గింజలు పైకి వస్తాయి. వాటిని తీసేసి మంచి నీళ్లతో రెండు మూడు సార్లు కడగడం మరవొద్దు, ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. ఊద గట్టి గింజల కోసం జల్లెడ మీద ఆశ పెట్టుకోకండి. సాంబ మసూరి లాంటి సన్న వడ్లు, ఊద గింజ మందంలో దగ్గర దగ్గరగా ఉంటాయి. తేడా పొడవులోనే ఉంది. పొడవును బట్టి వేరు చేసే ఇండెంటెడ్ సిలిండర్ ఉన్న విత్తన శుద్ధి కేంద్రం దగ్గర్లో ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. కలుపు వరిని మాత్రం ఉప్పునీళ్లు గానీ, ఏ మిషన్ గానీ వేరు చేయలేవు. బరువు అదే, పొడవు అదే.

కోత మిషన్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గుర్తు చేసుకోండి. విత్తనానికి ఉంచుకునే మడిలోకి దించే ముందు మిషన్ ట్యాంకు, ఎలివేటరు ఖాళీ చేయించాలి. మొదటి గట్టు చుట్టూ కోసిన వడ్లను తిండికి వేరుగా పోయాలి. పక్క ఊరి కలుపు మన సంచిలోకి చేరే దారుల్లో ఇది పెద్దది.

మీ అంతట మీకు ఖాయం కాకపోతే రుజువు కోసం విత్తన పరీక్షశాలకు సర్వీసు నమూనాగా పంపొచ్చు, రైతు కూడా రుసుము కట్టి పంపే వీలుంది. మీకు కంపాసాగర్ పరిశోధన కేంద్రం దగ్గర, మీ బావగారికి పాలెం కేంద్రం. కొన్న విత్తనంలో ఇట్లా కనిపిస్తే మాత్రం సంచి, దాని నీలం ట్యాగు, బిల్లు పారేయకుండా, సంచి మొత్తం ఖాళీ చేయకుండా ఉంచండి. అవి లేకపోతే ఎవరూ మీ మాట వినరు.

ఇంత చూసినా ఏదన్నా గింజ ఏమిటో తేలకపోతే మొలకెత్తించడమే మార్గం. పెరుగు డబ్బాలో కరిగెట మట్టి పోసి, ఒక్కో రకాన్ని విడివిడిగా వేసి, పేరు బదులు అంకె రాయండి. కొత్త గింజలు నిద్రలో ఉండి మొలవకపోవచ్చు, కొన్ని వారాలు ఆగి మళ్లీ వేయండి. మూడు నాలుగు ఆకులు రాగానే ఆకును కాండం నుంచి మెల్లగా వెనక్కి వంచి మెడ దగ్గర చూడండి. వరికైనా కలుపు వరికైనా అక్కడ నాలుకలాంటి పలచటి తెల్ల పొర, దాని పక్కన కొడవలిలా వంగిన రెండు చిన్న చెవులు ఉంటాయి. ఊదకు ఆ చోట ఏమీ ఉండదు, బోసిగా ఉంటుంది. అంకెలు రాసిన డబ్బాల ఫొటోలూ, నల్ల గింజ అడుగు భాగం ఫొటో పక్క వెలుతురులో స్కేలు పక్కన పెట్టి తీసి పంపండి. చూసి చెప్తాను. అప్పటిదాకా సంచుల మూతి కట్టేసి ఉంచండి.